‘బాగుండా’ అంటే బాగున్నట్టేనా?

పిల్లల పెంపకం మీద పాఠకులు పంపే ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈసారి కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచి వచ్చిన ఆరు ఉత్తరాలు తీసుకున్నాం. పేర్లు తీసేశాం, ఊళ్లు మాత్రం ఉంచాం. ఎందుకంటే ఈ ఉత్తరాల్లో ఊరిని పక్కన పెడితే సగం జవాబు పోతుంది.

ప్రశ్న (బద్వేలు దగ్గరి పల్లె, కడప జిల్లా): మా అక్క కువైట్ పోయి పద్నాలుగు నెలలైంది. కొడుకు మా అమ్మ దగ్గర ఉంటాడు, వానికి తొమ్మిదేండ్లు. వాళ్ల నాయన లారీ మీద పోయి వారానికొకసారి వస్తాడు. అక్క ఫోన్‌లో అడిగితే ‘బాగుండా మా’ అంటాడు, అంతే. రెండు నెలల నుంచి రాత్రిపూట పక్క తడుపుతున్నాడు. నాలుగేండ్లప్పుడే మానేసిన అలవాటు. బడికి పోయే పొద్దున కడుపునొప్పి అంటాడు, ఆదివారం మాత్రం అనడు. మా అమ్మ బెంగ అంటుంది, బడిలో అయ్యవారు నటన అంటాడు. ఏం చేసేది?

జవాబు: మీ అమ్మ చెప్పిందే నిజానికి దగ్గరగా ఉంది. అయినా ముందు ఆస్పత్రి పని ముగించండి. ఆరు నెలలకు మించి పొడిగా పడుకున్న పిల్లవాడు మళ్లీ పక్క తడిపితే మూడు విషయాలు చూడాలి: మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చక్కెర జబ్బు, మలబద్ధకం. మొదటి రెండిటికీ మూత్ర పరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష సరిపోతాయి. నీళ్లు విపరీతంగా తాగుతూ బరువు తగ్గుతుంటే రేపటిదాకా ఆగకండి. మూడోదాన్ని ఎవరూ అడగరు. గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది. బడిలో మరుగుదొడ్డి బాగలేక పొద్దంతా బిగబట్టుకునే పిల్లల్లో ఇది మామూలే.

పరీక్షల్లో ఏమీ లేదని తేలితే మిగిలేది బెంగే. ‘బెంగ’ అనగానే మనం ‘ఎవరి మీద?’ అని అడుగుతాం. జ్వరానికి అట్లా అడగం. ఆ ప్రశ్నలోనే వైద్యం దారి ఉంది. ఆదివారం నొప్పి లేనంత మాత్రాన నటన అనుకోకూడదు. దిగులుకు పేగుల కదలిక మారుతుంది, నొప్పి నిజంగానే వస్తుంది. ఆదివారం లేనిది, సోమవారం ఉన్నది ఏమిటో వెతకాలి.

దానికి ‘రోజు పట్టీ’ రాయండి. ఒక కాగితం మీద పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా గంటకొక వరుస గీయండి. ప్రతి వరుసలో నాలుగు గళ్లు: ఎక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు, తన ఇష్టంతో చేశాడా ఎవరైనా చెప్తే చేశాడా, అప్పుడు మొహం ఎట్లుంది. బడి ఉన్న రోజులు రెండు, సెలవు రోజు ఒకటి, మొత్తం మూడు రోజులు చాలు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాడు చెప్పిందే రాయండి. పెద్దవాళ్లు ఒక్కరే కూర్చుని ఊహించి నింపితే అది మన రోజు అవుతుంది, వాని రోజు కాదు. రాసేటప్పుడు ‘అప్పుడు ఫోన్ చూస్తున్నావు కదా?’ అని ఒక్క మాట విసిరినా ఆ తర్వాత గళ్లన్నీ అబద్ధాలే. వారం గడిచాక గుర్తు తెచ్చుకుని రాస్తే కూడా పనికిరాదు, ఏ రోజుది ఆ రోజే రాయాలి.

పూర్తయ్యాక మూడు లెక్కలు తీయండి. నిద్ర ఎంత? ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు కావాలి. పరుగెత్తి ఆడింది ఎంత? 60 నిమిషాలకు తగ్గకూడదు. పిలిస్తే పలికే దూరంలో పెద్దమనిషి లేకుండా గడిపింది ఎంత? మీ ఉత్తరాన్ని బట్టి ఈ మూడోదే ఎక్కువగా తేలుతుందని మా అంచనా. అవ్వ పొలానికి పోయే వేళ, వీడు బడికి తయారయ్యే వేళ ఒకటే అయితే కడుపునొప్పి ఆ సందులోనే పుడుతుంది. అప్పుడు చేయాల్సింది పొద్దున ఆ అరగంట ఇంట్లో ఒక మనిషి ఉండేట్టు చూడటం. మీరే పోయి కూర్చున్నా సరే.

ఇక ఫోన్. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మీ అక్కకు పని అయిపోయే రాత్రి పది అంటే ఇక్కడ పన్నెండున్నర. నిద్రలో లేపి మాట్లాడిస్తే వాడు ‘బాగుండా’ తప్ప ఇంకేమంటాడు? ఇండ్లల్లో పనిచేసేవాళ్లకు చాలామందికి మధ్యాహ్నం భోజనాలయ్యాక కాస్త తెరిపి దొరుకుతుంది. అక్కడ మూడున్నర అంటే ఇక్కడ సాయంత్రం ఆరు. పది నిమిషాలే అయినా రోజూ అదే వేళకు రావాలి. వారంలో మూడు రోజులే కుదురుతుందంటే ఆ మూడు రోజులేవో ముందే చెప్పి, క్యాలెండర్‌లో వాని చేతనే చుట్టించండి. ఎప్పుడొస్తుందో తెలియని ఫోన్ కోసం రోజంతా కాచుకోవడం పిల్లలకు పెద్ద బరువు.

‘బాగుండావా, చదువుతుండావా, అవ్వ మాట వింటుండావా’ ఈ మూడిటికీ ‘ఆ’ అన్నదొక్కటే జవాబు. వాటిని మానేసి, సంగటిలోకి ఏం చేసింది, ఆటలో ఎవరు తొండి చేశారు, నల్లమేక ఈనిందా అని అడగమనండి. తన సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఏం వండిందో, ఏ కూర మాడిందో. ఆ ఇంటి పిల్లలు వీడియోలో కనిపిస్తే దాచకుండా ‘వీళ్లను చూసుకోవడం నా పని, నువ్వు నా కొడుకువి’ అని తేటగా చెప్పాలి. మా అమ్మ వేరే పిల్లలకు అన్నం పెడుతోంది అన్న ఆలోచనను చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పకుండా లోపలే మోస్తారు. తిరిగొచ్చే తేదీ ఖాయం కాకపోతే ‘వచ్చే పండక్కి’ అనవద్దు. ఆ పండగ దాటిన రోజు నుంచి అమ్మ చెప్పే మిగతా మాటలను కూడా వాడు నమ్మడు.

పక్క తడపడం గురించి: తిట్టకూడదు, ఇంకొకరి ముందు ఎత్తకూడదు. పగలు నీళ్లు బాగా తాగించి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి. పడుకోబోయే ముందు మూత్రానికి పంపండి. మరుగుదొడ్డి ఇంటి బయట ఉంటే చీకట్లో ఒక్కణ్ణే పొమ్మనకండి, భయంతో పోకుండానే వచ్చి పడుకుంటారు. పరుపు కింద ప్లాస్టిక్ పట్టా వేస్తే అవ్వకు పని తగ్గుతుంది, విసుగూ తగ్గుతుంది. నెల, నెలన్నర దాటినా మార్పు లేకపోయినా, ఆట మానేసినా, చచ్చిపోతా లాంటి మాట అన్నా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీమానస్ మానసిక ఆరోగ్య సేవ. డబ్బు కట్టక్కరలేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న (కోసిగి మండలం, కర్నూలు జిల్లా): ఐదో తరగతి చెప్తాను. పిల్లలు సంతోషంగా ఉన్నారో లేదో తెలుసుకుందామని నెట్‌లో దొరికిన ప్రశ్నపత్రాన్ని తెలుగు చేసి ఇచ్చాను. అందరూ ‘చాలా బాగున్నాను’కే టిక్కు పెట్టారు. దీపావళి దాటితే సగం మంది అమ్మానాయనలతో గుంటూరు వైపు మిరపకోతలకు, సుగ్గికి (పనుల కోసం పోయే వలసకు) పోతారు, ఉగాదికి గానీ రారు. వాళ్లూ అదే టిక్కు పెట్టారు. నిజం తెలిసేదెట్లా?

జవాబు: మీ పిల్లలు అబద్ధం చెప్పలేదు. మీరడిగిన ప్రశ్నకు మన మర్యాద ప్రకారం జవాబిచ్చారు. అయ్యవారు కాగితం ఇచ్చారంటే అది పరీక్షే, పరీక్షలో మంచి జవాబే రాయాలి. రెండో కారణం ప్రశ్నల్లోనే ఉంది. ప్రపంచమంతా వాడే ఆత్మగౌరవ ప్రశ్నావళిని మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో అమెరికా హైస్కూలు పిల్లల కోసం తయారు చేశాడు. అందులో ఉన్నవి పది వాక్యాలు. నన్ను చూసి నేను గర్వపడతాను అన్న తరహా మాటకు అక్కడి పిల్ల సులువుగా అవునంటుంది. మన ఇంట్లో అదే మాట అంటే ‘పొగరు’ అంటారు. అదే ప్రశ్నావళిని 53 దేశాల్లో పోల్చి చూసినప్పుడు, వ్యతిరేకార్థంలో ఉన్న వాక్యాలను అన్ని సంస్కృతులవాళ్లూ ఒకే తీరుగా అర్థం చేసుకోలేదని తేలింది. ‘నేను దేనికీ పనికిరాను’ అన్న వాక్యం ఎదురుగా ‘ఒప్పుకోను’ అని టిక్కు పెట్టడం పదేళ్ల పిల్లకు తెలుగులో పెద్ద తికమక. కాబట్టి ఆ కాగితాలను పక్కన పెట్టండి. వాటి మీద మార్కులు లెక్కేసి పిల్లలకు పేర్లు పెట్టడం మరీ తప్పు.

మీ పక్క జిల్లాల్లోనే జరిగిన ఒక పని నుంచి రెండు పనిముట్లు అరువు తెచ్చుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఇథియోపియా, పెరూ, వియత్నాం, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో కలిపి సుమారు 12,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించింది. ఇక్కడ తీసుకున్న 3,000 మందిలో అనంతపురం, కడప జిల్లాల పిల్లలు ఉన్నారు. ‘నీకు సంతోషంగా ఉందా’ అని సూటిగా అడిగి వదిలేయకుండా నిచ్చెన చూపించారు, బొమ్మలు గీయించారు.

నిచ్చెన ఎట్లా చేయాలంటే: వరండాలో సుద్దముక్కతో తొమ్మిది మెట్లు గీయండి. ఒక్కొక్కరినే పిలవండి, మిగతావాళ్లకు వినపడకూడదు. ‘పైన తొమ్మిదో మెట్టు అంటే నీకు తెలిసినంతలో అన్నిటికన్నా బాగుండే బతుకు. కింద ఒకటో మెట్టు అంటే అన్నిటికన్నా కష్టమైన బతుకు. ఇప్పుడు నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావో పోయి నిలబడు’ అనండి. తర్వాత పోయిన దసరాకు ఎక్కడుండేవాడివి, వచ్చే దసరాకు ఎక్కడుంటావు అని అడగండి. అసలు ప్రశ్న ఆఖరున ఉంది: ‘ఇంకొక్క మెట్టు ఎక్కాలంటే ఏం జరగాలి?’ మాకు అంకె కంటే ఈ జవాబే విలువైనది. దాన్ని వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

ఇది చెడిపోయే దారులు నాలుగు. పరీక్ష పేపర్లు ఇచ్చిన మరునాడు చేస్తే మెట్టు కాస్తా మార్కు అవుతుంది. కొందరు నిచ్చెన అంటే డబ్బు అనుకుంటారు. అందుకే ముందు ‘నిన్నటి అన్నం ఎంత రుచిగా ఉంది, ఏ మెట్టు?’ లాంటి ఉత్త ప్రశ్నతో ఒకసారి ఆడించండి. కింది మెట్టు మీద నిలబడ్డ పిల్లను చూసి ‘అయ్యో’ అన్నారా, మరుసటి పిల్ల మధ్య మెట్టుకు పోతుంది. నాలుగోది మన టీచర్లకు బాగా అలవాటైన తప్పు, ఒక పిల్లను ఇంకొక పిల్లతో పోల్చడం. ఒకరి ఐదూ ఇంకొకరి ఐదూ ఒకటి కాదు. అదే పిల్లను దీపావళి ముందు ఒకసారి, ఉగాది తర్వాత ఒకసారి చూడండి.

రెండోది బొమ్మలు. ఐదారుగురిని ఒక జట్టు చేయండి, ఆడపిల్లలు వేరు, మగపిల్లలు వేరు. నలభై నిమిషాలు, రెండు కాగితాలు. ఒకదాని మీద ‘మన ఊళ్లో బాగున్న పిల్ల’ను, రెండోదాని మీద ‘బాగలేని పిల్ల’ను గీయమనండి. ‘నువ్వు’ అన్న మాట మీ నోట రాకూడదు. ఊరి పిల్ల గురించి చెప్పమంటే దాచకుండా చెప్తారు. గీశాక ‘ఈ పిల్ల బాగుందని నీకెట్లా తెలుసు?’ అని అడుగుతూ ఒక్కొక్క కారణం పలక మీద రాయండి. ఆఖరున ప్రతివారికీ మూడు చింతగింజలిచ్చి తమకు ముఖ్యమనిపించిన కారణాల మీద పెట్టమనండి. కొత్త బట్టలు, సైకిల్ వస్తాయి. వాటి పక్కనే తిట్లు, నాయన తాగుడు, రాత్రి ఇంట్లో ఎవరుంటారు అన్నవీ వస్తాయి. ఒక పిల్ల ఇంట్లో దెబ్బల సంగతో, ఇంకా చెడ్డ సంగతో బయటపెడితే అక్కడ జట్టులో తవ్వకండి. విడిగా విని ప్రధానోపాధ్యాయుడికి చెప్పండి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

ఇప్పుడు సుగ్గి. పిల్లను వెంట తీసుకుపోవాలా, వలస పోయేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్‌లో వదలాలా అని తల్లిదండ్రులు మిమ్మల్ని అడుగుతూనే ఉంటారు. చదువు కోసం ఊళ్లో ఉండటమే మేలు, కానీ ‘హాస్టల్’ అన్న మాటతో పని అయిపోదు. అన్నాచెల్లెళ్లను ఒకే చోట ఉంచుతున్నారా, రాత్రి పడుకునేటప్పుడు పేరుతో పిలిచే పెద్దమనిషి ఉన్నారా, వారానికొకసారి ఫోన్ కుదురుతుందా అని చూడండి. ఈ మూడూ ఉంటే పిల్ల నిలుస్తుంది. ఏ ఒక్కటి లేకపోయినా సంక్రాంతి లోపలే తాతతోనో మామతోనో బస్సెక్కి గుంటూరు పోతుంది. అట్లా పోయిన పిల్లను తప్పు పట్టడానికి లేదు.

పోయి వచ్చిన పిల్లల విషయంలో ఒక సున్నితమైన సంగతి ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరం, అందులో రెండో మాట లేదు. అయితే చేనులో చెల్లెలిని ఆడించి, నీళ్లు మోసి, అమ్మకు ఆసరా అయిన పిల్లకు తాను ఇంటికి పనికొచ్చానన్న తృప్తి ఉంటుంది. పిల్లల బాగు అనేది తన వాళ్లు విలువిచ్చే పనుల్లో తనకూ చోటు దొరకడంలో ఉందని థామస్ వైస్నర్ అనే మానవశాస్త్రవేత్త వాదించాడు. మన పల్లెల్లో అది కళ్లముందే కనిపిస్తుంది. ‘కూలికి పోయొచ్చావా?’ అని నలుగురిలో అన్నారంటే ఆ ఒక్క ఆధారాన్నీ లాగేసినట్టే. దాని బదులు మిరప టిక్కీకి (బస్తాకు) ఎన్ని కిలోలు పట్టాయి, కిలోకు ఇంతైతే టిక్కీకి ఎంత అని లెక్కల గంటలో ఆ పిల్ల చేతనే చెప్పించండి. వెనక బెంచీలో కూర్చోబెట్టకండి. పోకుండా ఊళ్లోనే ఉన్న ఒక పిల్లను మొదటి రెండు వారాలు జతకు ఇవ్వండి.

ప్రశ్న (అనంతపురం పాతూరు): పదేళ్ల పాప. మార్చి వచ్చిందంటే ప్రతిదానికీ చిరాకు, ఏడుపు, తమ్ముణ్ణి కొట్టడం. సాయంత్రమంతా ఫోన్. మాది బండల మిద్దె. ఇది వయసు మార్పా, పెంపకం లోపమా?

జవాబు: వయసుకూ పెంపకానికీ పోయే ముందు ఒకసారి మిద్దె వైపు చూడండి. రాతిబండ పగలంతా ఎండను తాగి, రాత్రి పది పదకొండు దాకా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. ఒంటిపూట బడి 7:45కు అంటే పాప ఆరుకు లేవాలి. తొమ్మిది గంటలు నిద్ర పట్టాలంటే రాత్రి తొమ్మిదికి కన్ను మూయాలి. ఆ వేళకు మీ గది ఇంకా పొయ్యిలాగే ఉంటుంది. వారానికి ఐదు రోజులు రోజుకు గంటన్నర నిద్ర తక్కువైతే ఏ పిల్లైనా చిరాకు పడుతుంది, పెద్దవాళ్లమే పడతాం.

ఫిబ్రవరి ఆఖర్లో మిద్దె మీద రెండు పూతలు సున్నం కొట్టించండి. మొదటి పూత పూర్తిగా ఆరాకే రెండోది వేయాలి. దుమ్ము కడగకుండా కొడితే నెలకే పొరలు లేస్తుంది. సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లేవాళ్లు ఎండ పూర్తిగా దిగాక చల్లి, కిటికీలు తెరవాలి. మూసిన గదిపైన చల్లితే కింద ఉక్క పెరుగుతుంది. మిద్దెపైన పడుకోవడం మంచి అలవాటే, పిట్టగోడ ఉంటేనే, దోమతెరతో. బడి నుంచి వచ్చాక గంటసేపు పడుకోనివ్వండి, నాలుగు దాటాక మాత్రం వద్దు.

ఫోన్ గురించి ఒకే మాట. ఎండవేళ బయటికి పోలేని పిల్లకు ఇంట్లో వేరే పని లేకపోతే చేతికి దొరికేది అదే. సాయంత్రం ఆరు నుంచి ఏడుంబావు దాకా వీధిలో ఆట కుదిర్చితే సగం ఫోన్ దానంతట అదే పోతుంది. వీధి ఆటకు మైదానం కంటే ముందు కావాల్సింది అరుగు మీద కూర్చునే ఒక అవ్వ చూపు. నాలుగిండ్లవాళ్లు వంతులు వేసుకోండి. మిగతా సగానికి మీ ఫోన్ కూడా ఆ వేళకు పక్కన పెట్టాల్సి ఉంటుంది, అది వేరే సంగతి.

ప్రశ్న (జమ్మలమడుగు, కడప జిల్లా): మనవరాలు రాత్రి ఉలిక్కిపడి లేస్తుంది. జడుసుకుందని తాయెత్తు కట్టించి దిష్టి తీస్తాను. కోడలు ఇదంతా మూఢనమ్మకం అంటుంది. తప్పా?

జవాబు: దిష్టి తీసేటప్పుడు ఇంటిల్లిపాదీ పని ఆపి ఆ పిల్ల చుట్టూ చేరతారు, ఒకరు తల నిమురుతారు, ‘పోయిందిలే’ అని ధైర్యం చెప్తారు. భయపడ్డ పిల్లకు కావాల్సింది అదే, కాబట్టి మానమని మేం చెప్పం. కోడలితో గొడవ పడుతూ మాత్రం తీయకండి, ఆ అరుపులతో తీసిన దిష్టి మళ్లీ తగులుతుంది.

నాలుగు జాగ్రత్తలు. ఆయాసం ఉన్న పిల్ల దగ్గర మిరపకాయలు కాల్చవద్దు. పసిబిడ్డ మెడకు దారం కట్టవద్దు, ఉరి పడుతుంది. ‘ఫలానా ఆమె కన్ను పడింది’ అని పిల్ల వినేలా అనవద్దు, రేపటి నుంచి ఆ ఇంటి ముందు నడవడానికి భయపడుతుంది. వాతలు అసలే పెట్టవద్దు. మూర్ఛ వచ్చినా, కళ్లు తేలేసినా, జ్వరంతో మెడ బిగిసినా అప్పుడు దిష్టి కాదు, ఆస్పత్రి.

ప్రశ్న (ఉరవకొండ వైపు పల్లె, అనంతపురం జిల్లా): మా పాపకు పదమూడేళ్లు. పండ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు. ఊళ్లో బడికి పోయేటప్పుడు ఎప్పుడూ బాధపడలేదు. ఈ ఏడు టౌన్ హాస్టల్‌లో చేరింది. ఇప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది, ఫోటోలో నవ్వదు. ఇటుకపొడితో తోమితే పోతాయా?

జవాబు: పోవు. ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు ఏది పెట్టి రుద్దినా పంటి పైపొర అరిగి జివ్వుమంటుంది, మచ్చ అట్లే ఉంటుంది. ఇది మురికి కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట, పసితనం నుంచి సుమారు ఎనిమిదేళ్ల దాకా పండ్ల పొర తయారయ్యే కాలంలో ఆ నీళ్లు తాగిన పిల్లలకు వస్తుంది. పాప తోమకపోవడం వల్ల వచ్చిందని ఎవరన్నా అంటే ఆమె ముందే ఖండించండి. ఆ ఒక్క పని ఇవాళే చేయొచ్చు.

మీ ఉత్తరంలో మమ్మల్ని ఆపేసిన వాక్యం ‘ఊళ్లో ఎప్పుడూ బాధపడలేదు’ అన్నది. పండ్లు మారలేదు, పక్కన కూర్చున్నవాళ్లు మారారు. ఊళ్లో పదిమందిలో చాలామందికి అవే మచ్చలు, ఎవరూ చూడరు. టౌన్‌లో ఆమె ఒక్కతే. తన మీద తనకున్న అభిప్రాయాన్ని పిల్లలు చాలావరకు చుట్టూ ఉన్న పిల్లలను చూసి కొలుచుకుంటారు. కాబట్టి ‘అవన్నీ పట్టించుకోవద్దు’ అంటే పనిచేయదు. ఆమె పట్టించుకుంటున్నది లేనిదాన్ని కాదు.

పైపై మచ్చలైతే పంటి డాక్టరు పలుచగా గీకి పాలిష్ చేస్తారు. లోతువైతే పంటి రంగు పూత వేస్తారు. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆస్పత్రి ఉంది, ముందు అక్కడ చూపించండి. ముందు పళ్లు నాలుగు బాగుపడితే చాలు, చెయ్యి దానంతట అదే దిగుతుంది. ఈలోగా హాస్టల్ టీచర్‌తో మాట్లాడి, సైన్స్ పాఠంలో ఫ్లోరైడ్ సంగతిని ఊళ్ల నీళ్ల గురించిన పాఠంగా చెప్పమనండి. పాప పేరు మాత్రం ఎత్తకూడదు. ఎగతాళి చేసేవాళ్లలో సగం మంది అది పాచి అనుకుంటున్నవాళ్లే.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్ల పండ్లను ఇప్పటికీ కాపాడుకోవచ్చు. మీరు తాగేది బోరు నీళ్లా, కొళాయిలో వచ్చే పథకం నీళ్లా చూడండి. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాకు వచ్చింది ఇందుకే. బోరు నీళ్లైతే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో నీళ్లు తాగడానికే కాదు, వంటకూ వాడాలి. సంగటి, పప్పు బోరు నీళ్లతో ఉడికిస్తే లాభం సగమే.

ప్రశ్న (పత్తికొండ ప్రాంతం, కర్నూలు జిల్లా): తండా నుంచి వచ్చే ఇద్దరు సుగాలి పిల్లలు ఒకటో తరగతిలో రెండు నెలలుగా నోరు విప్పలేదు. మందబుద్ధి అని రాయమంటున్నారు. రాయాలా?

జవాబు: రాయకండి. ఇంట్లో సుగాలీల భాష గోర్‌బోలి మాట్లాడే ఆరేళ్ల పిల్లకు మీ తరగతి గది పరాయి దేశం. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని నెలలు మౌనంగా వింటూ ఉండటం మామూలే. ఆ కాలంలో వాళ్లకు ఎంత తెలుసో నోటితో అడగకండి, చేత్తో చూపించమనండి. ‘ఎర్రది తే, రెండు గింజలు పెట్టు’ అంటే చేస్తారో లేదో చూడండి. అమ్మను వాళ్లు ‘యాడి’ అంటారు, నాన్నను ‘బా’ అంటారు. తండా నుంచే వచ్చే పై తరగతి పిల్లను అడిగి ఇట్లాంటివి ఇరవై మాటలు నేర్చుకుని, హాజరు వేసేటప్పుడు రోజుకొకటి వాడండి. ఇద్దరినీ విడదీసి కూర్చోబెడితే తెలుగు త్వరగా వస్తుందని కొందరంటారు. మొదటి ఏడు ఆ పని చేయకండి, బడిలో వాళ్లకు మాట్లాడే మనిషి ఒకరికొకరే. తండాకు ఒకసారి పోయి ఇంటి దగ్గర ఎట్లున్నారో చూడండి. అక్కడ గలగలా మాట్లాడుతుంటే బెంగ లేదు. అక్కడ కూడా మాట రాకపోతే, వెనక నుంచి పిలిస్తే తిరగకపోతే, ముందు చెవి పరీక్ష చేయించండి.